నగ్గెట్స్‌లో విన్న చాకొలెట్ వాచ్‌బ్యాండ్ పాట నచ్చింది, కానీ ఆల్బమ్ వింటే వేరే బ్యాండ్‌లా ఉంది. ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: నగ్గెట్స్ కంపైలేషన్‌లో (అరవైల అమెరికన్ రాక్ పాటలు ఏరి కూర్చిన ఆల్బమ్) చాకొలెట్ వాచ్‌బ్యాండ్ వాళ్ళ 'లెట్స్ టాక్ అబౌట్ గర్ల్స్' విన్నారు, పిచ్చిగా నచ్చింది, వెంటనే వాళ్ళ మొదటి రెండు ఆల్బమ్స్ వెతుక్కుని విన్నారు, తీరా చూస్తే పాటకీ పాటకీ పొంతన లేదు, గొంతు మారిపోతోంది, కొన్ని చోట్ల అసలు పాడేవాళ్ళే లేరు. నేనే సరిగ్గా వినట్లేదా, ఈ బ్యాండ్‌ని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, ఇలా కంపైలేషన్లలో తగిలే చిన్న బ్యాండ్ల వెనక ఎలా వెళ్ళాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తా. మీరు సరిగ్గానే విన్నారు. ఆ పాట పాడింది చాకొలెట్ వాచ్‌బ్యాండ్ సింగర్ కాదు. బ్యాండ్ సింగర్ పేరు డేవ్ ఆగ్విలార్. ఆ పాటలో ఉన్న గొంతు డాన్ బెనెట్ అనే స్టూడియో సింగర్‌ది. అంటే ప్రపంచంలో ఎక్కువమందికి ఈ బ్యాండ్‌ని పరిచయం చేసిన పాటలో బ్యాండ్ గొంతే లేదు. మీకు నచ్చిన పాట మంచి పాటే, అందులో ఏ అనుమానం అక్కర్లేదు. కానీ అసలు బ్యాండ్ కావాలంటే ఆల్బమ్స్ పక్కన పెట్టి 1966-67లో వచ్చిన వాళ్ళ సింగిల్స్ (వైపుకొక పాట ఉండే చిన్న రికార్డులు) దగ్గర మొదలుపెట్టండి. ముందుగా 'స్వీట్ యంగ్ థింగ్', తర్వాత 'ఆర్ యూ గోనా బీ దేర్', ఆ తర్వాత బాబ్ డిలన్ పాట 'ఇట్స్ ఆల్ ఓవర్ నౌ, బేబీ బ్లూ'కి వీళ్ళు చేసిన వెర్షన్. ఈ మూడూ వరసగా విని మళ్ళీ 'లెట్స్ టాక్ అబౌట్ గర్ల్స్' పెట్టుకోండి, గొంతులో తేడా మొదటి లైన్లోనే తెలిసిపోతుంది. బెనెట్ గొంతు బరువుగా, గరుకుగా ఉంటుంది, గట్టిగా అరుస్తూ పాడతాడు. ఆగ్విలార్ అలా కాదు, మాటని సాగదీస్తాడు, కాస్త ముక్కుతో, ఎదుటివాణ్ణి లెక్కచేయనట్టు పాడతాడు, ఆ పొగరే ఈ బ్యాండ్ సొంత ఆస్తి.

నేను చాలా ఏళ్ళుగా సెకండ్ హ్యాండ్ రికార్డులు కొనడం, గ్రేడ్ చెయ్యడం, అమ్మడం చేస్తున్నాను, అరవైల గ్యారేజ్ రాక్, అంటే కుర్రాళ్ళు ఇంటి గ్యారేజీల్లో సాధన చేసి వాయించిన గరుకు రాక్, నాకు అన్నిటికంటే ఇష్టమైన మూల. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

అసలు ఈ బ్యాండ్ పుట్టింది కాలిఫోర్నియాలో, శాన్ హోసే చుట్టుపక్కల. 1965లో లాస్ ఆల్టోస్ దగ్గరున్న ఫుట్‌హిల్ కాలేజీ కుర్రాళ్ళు మొదలుపెట్టారు. ఇప్పుడు మన తెలుగువాళ్ళు కిక్కిరిసి ఉన్న సన్నీవేల్, కుపర్టినోలకి కూతవేటు దూరం. అక్కడ ఉండే మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, సిలికాన్ వ్యాలీ అనే పేరే లేని రోజుల్లో ఆ ఊళ్ళ నిండా గిటార్ పట్టుకున్న పిల్లలే. 1966లో 'సైకోటిక్ రియాక్షన్'తో అమెరికా చార్టులో 5వ స్థానం దాకా వెళ్ళిన కౌంట్ ఫైవ్ శాన్ హోసే వాళ్ళే, అదే ఏడాది 'లిటిల్ గర్ల్'తో 8వ స్థానానికి వెళ్ళిన సిండికేట్ ఆఫ్ సౌండ్ కూడా శాన్ హోసే వాళ్ళే. ఈ రెండింటితో పోలిస్తే వాచ్‌బ్యాండ్‌కి పెద్ద హిట్ ఒక్కటీ లేదు. కానీ స్టేజి మీద వీళ్ళే గట్టివాళ్ళని ఆ ఏరియాలో పేరు. ఆగ్విలార్ పాట, మార్క్ లూమిస్ లీడ్ గిటార్, షాన్ టోల్బీ రిథమ్ గిటార్, బిల్ ఫ్లోరెస్ బేస్, గ్యారీ ఆండ్రియాసెవిచ్ డ్రమ్స్. మనం వెతకాల్సిన బ్యాండ్ ఈ ఐదుగురు.

మరి ఆల్బమ్‌లో వేరేవాళ్ళు ఎలా దూరారు? దీనికి ఎడ్ కాబ్ గురించి తెలియాలి. ఈయన వాళ్ళ ప్రొడ్యూసర్. యాభైల్లో ఫోర్ ప్రెప్స్ అనే గ్రూపులో పాడినాయన, చాలా తెలివైన పాటల రచయిత. స్టాండెల్స్ బ్యాండ్‌కి 'డర్టీ వాటర్' రాసింది ఈయనే, గ్లోరియా జోన్స్ పాడిన 'టెయింటెడ్ లవ్' రాసింది కూడా ఈయనే, దాన్నే 1981లో సాఫ్ట్ సెల్ వాళ్ళు ప్రపంచమంతా మోగించారు. 'స్వీట్ యంగ్ థింగ్' కూడా ఈయన రాసిందే. అంటే ఈయన్ని విలన్ చేసి పక్కన పడెయ్యడం కుదరదు, ఈయన లేకపోతే ఈ బ్యాండ్ రికార్డులే ఉండేవి కావు. కానీ ఈయనకి బ్యాండ్ అంటే ఒక పేరు, ఒక సౌండ్, అంతే. క్యాపిటల్ కంపెనీకి టవర్ అని ఒక చిన్న లేబుల్ ఉండేది, దాని కోసం 1967లో 'నో వే ఔట్' ఆల్బమ్ తయారైనప్పుడు ఈయన తన స్టూడియో మనుషుల్ని కూడా కలిపేసి ఎల్‌పీ నింపాడు. మొత్తం 10 ట్రాకులు. అందులో 'లెట్స్ టాక్ అబౌట్ గర్ల్స్', 'ఇన్ ద మిడ్‌నైట్ అవర్', 'గోసమర్ వింగ్స్' బెనెట్ గొంతు. 'డార్క్ సైడ్ ఆఫ్ ద మష్రూమ్', 'ఎక్స్‌పో 2000' అనే రెండు వాద్య ట్రాకులు స్టూడియో వాళ్ళ పని. మీకు "పాడేవాళ్ళే లేరు" అనిపించింది వీటి దగ్గరే అయ్యుంటుంది.

1968లో వచ్చిన రెండో ఆల్బమ్ 'ది ఇన్నర్ మిస్టీక్' సంగతి ఇంకా దారుణం. దాని మొదటి సైడ్‌లో బ్యాండే లేదు. ఒక్క మనిషి కూడా లేడు. కవర్ మీద మాత్రం పేరు వాళ్ళదే. ఇక 1969లో వచ్చిన మూడోది 'వన్ స్టెప్ బియాండ్', అందులో బ్యాండ్ ఉంది గానీ ఆగ్విలార్ లేడు, బ్యాండ్ మొదటి రోజుల్లో పాడిన డానీ ఫే తిరిగొచ్చి పాడాడు. సౌండ్ కూడా శాన్ ఫ్రాన్సిస్కో వైపు మెత్తబడిపోయింది. మూడు ఆల్బమ్స్, మూడు రకాల బ్యాండ్లు, మీరు తికమక పడటంలో ఆశ్చర్యం ఏముంది.

మన సినిమాల్లో తెర మీద ఒకరు, వెనక పాడేది ఒకరు అని చిన్నప్పట్నుంచీ మనకి తెలుసు, ఘంటసాల పాడితే టైటిల్స్‌లో ఘంటసాల అని పడుతుంది, అందులో మోసం ఏమీ లేదు. ఇక్కడ బాధ ఏంటంటే ఆ మాట ఎక్కడా వెయ్యలేదు. ఆగ్విలార్ తన సొంత ఆల్బమ్‌లో ఇంకొకరి గొంతు వినాల్సొచ్చింది, వినేవాళ్ళందరూ అది తనదే అనుకున్నారు. ఇది నాకు ఎప్పుడు తల్చుకున్నా మనసుకి కష్టంగానే ఉంటుంది. ఆయన తర్వాత సంగీతం వదిలేసి ఖగోళశాస్త్రం వైపు వెళ్ళి హార్వర్డ్-స్మిత్సోనియన్ సెంటర్ ఫర్ ఆస్ట్రోఫిజిక్స్‌లో పనిచేసాడు, పిల్లల కోసం గ్రహాల గురించి పుస్తకాలు రాసాడు. 1999లో బ్యాండ్ మళ్ళీ కలిసింది. 2019లో కొత్త ఆల్బమ్ వేసారు, దాని పేరు 'దిస్ ఈజ్ మై వాయిస్'. ఆ కథంతా తెలిసాక ఆ పేరు చూస్తే ఇంకేం చెప్పక్కర్లేదు.

సరే, ఇప్పుడు వినడం సంగతి. నేనైతే ఈ వరసలో వినమంటాను.

మొదట సింగిల్స్. 'స్వీట్ యంగ్ థింగ్' ఒక వైపు, 'బేబీ బ్లూ' ఇంకో వైపు, ఈ ఒక్క రికార్డు చాలు వీళ్ళేంటో తెలియడానికి. మొదటిది అచ్చం రోలింగ్ స్టోన్స్ ధోరణి, ఫజ్ గిటార్ (కావాలని శబ్దాన్ని గరగరలాడించే గిటార్), దాని మీద ఆగ్విలార్ వెక్కిరింత. రెండోది నిదానంగా, దిగులుగా. చాలా గ్యారేజ్ బ్యాండ్లకి వేగం మాత్రమే వచ్చు, నెమ్మదిగా వాయించమంటే చేతులెత్తేస్తారు. వీళ్ళకి రెండూ వచ్చు, అది చాలా అరుదు. తర్వాత 'మిస్టీ లేన్' సింగిల్, అది కాస్త తీపి పాట, ఒకసారి వినేసి ముందుకెళ్ళిపోవచ్చు. ఆ తర్వాత ఒక వైపు 'ఆర్ యూ గోనా బీ దేర్', ఇంకో వైపు 'నో వే ఔట్' ఉన్న సింగిల్. ఈ రెండూ ఆల్బమ్‌లో కూడా ఉన్నాయి గానీ దొరికితే మోనో సింగిల్ వెర్షన్ వినండి, ఆ రోజుల్లో కుర్రాళ్ళ రేడియోకీ, పార్టీ ప్లేయర్‌కీ తగ్గట్టు చేసిన మిక్స్ అది, డ్రమ్సూ గిటారూ ఒకే ముద్దగా మీదకొస్తాయి. స్టీరియోలో ఒక పక్క గిటార్, ఒక పక్క గొంతు విడిపోయి పాట పలచబడుతుంది. ఇది వాచ్‌బ్యాండ్ ఒక్కరికే కాదు, ఆ కాలం గ్యారేజ్ పాటలు చాలావాటికి వర్తిస్తుంది.

తర్వాత సినిమా పాటలు. 1967లో 'రయట్ ఆన్ సన్‌సెట్ స్ట్రిప్' అని ఒక చవక సినిమా వచ్చింది. అందులో క్లబ్ సీన్‌లో వాచ్‌బ్యాండ్ నిజంగా కనిపిస్తారు, 'డోంట్ నీడ్ యువర్ లవిన్', 'సిట్టింగ్ దేర్ స్టాండింగ్' అని రెండు పాటలు. సినిమా గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, ఆ సీన్ మాత్రం వెతికి చూడండి. ఆగ్విలార్ నిలబడే తీరు, మైక్ దగ్గర చేసే వేషాలు చూస్తే, ఆల్బమ్‌లో ఏది పోయిందో ఒక్క చూపులో అర్థమవుతుంది. నాకైతే ఈ బ్యాండ్ మొత్తంలో 'డోంట్ నీడ్ యువర్ లవిన్' అన్నిటికంటే గొప్ప రికార్డింగ్. మీకు నచ్చిన పాట కంటే కూడా.

అప్పుడు ఆల్బమ్స్‌లోంచి ఏరుకోండి. మొదటి ఆల్బమ్‌లో చక్ బెర్రీ పాట 'కమ్ ఆన్', సితార్ వినిపించే 'గాన్ అండ్ పాసెస్ బై'. రెండో ఆల్బమ్‌లో రెండో సైడ్ మాత్రమే, ముఖ్యంగా కింక్స్ పాట 'ఐయామ్ నాట్ లైక్ ఎవ్రీబడీ ఎల్స్'. ఆ మొదటి సైడ్‌ని కూడా చెడ్డదని నేను అనను, అందులో 'ఇన్ ద పాస్ట్' అనే పాట చాలా బావుంటుంది, ఫ్లోరిడాలోని ఓర్లాండో బ్యాండ్ వీ ద పీపుల్ వాళ్ళ పాట అది. కాకపోతే దాన్ని ఎడ్ కాబ్ స్టూడియో రికార్డుగా వినండి, వాచ్‌బ్యాండ్‌గా వినకండి. అప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు.

ఇదంతా ఒక్కచోట కావాలంటే, 2005లో ఇంగ్లండ్‌లో బిగ్ బీట్ అనే లేబుల్ వాళ్ళు రెండు సీడీల సెట్ వేసారు, 'మెల్ట్స్ ఇన్ యువర్ బ్రెయిన్ నాట్ ఆన్ యువర్ రిస్ట్' అని. అలెక్ పాలావో రాసిన నోట్స్ ఉంటాయి, ఎవరు ఎక్కడ పాడారో, ఎక్కడ లేరో అంతా విడమర్చి ఉంటుంది. నా లెక్కలో ఈ బ్యాండ్ మీద ఒకే ఒక్కటి కొనాలంటే అదే. వినైల్ కావాలంటే సన్‌డేజ్డ్ అనే కంపెనీ మళ్ళీ ముద్రించిన రికార్డులు (రీఇష్యూలు) నమ్మకంగా కొనొచ్చు. టవర్ లేబుల్ ఒరిజినల్స్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి, బాగా ఖరీదు, పైగా కుర్రాళ్ళు పార్టీల్లో అరగదీసినవే ఎక్కువ దొరుకుతాయి, కవర్ మెరుస్తున్నా లోపల గాడి బూడిద రంగులోకి తిరిగిపోయి ఉంటుంది. మరీ చవగ్గా కనిపించే, కవర్ మీద కంపెనీ అడ్రసు గానీ లైసెన్స్ లైన్ గానీ లేని యూరప్ ప్రెస్సింగ్‌లు ఉంటాయి చూడండి, అవి చాలావరకు సీడీ నుంచి ఎక్కించినవే, వాటి మీద డబ్బు పెట్టకండి.

ఇప్పుడు మీ పెద్ద ప్రశ్నకొద్దాం, కంపైలేషన్ నుంచి బ్యాండ్ దాకా ఎలా వెళ్ళాలి. దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. కంపైలేషన్‌లో మీరు విన్నది ఆ బ్యాండ్‌ని కాదు, ఆ పాటని ఎంచుకున్న మనిషి చెవిని. నగ్గెట్స్ 1972లో ఎలెక్ట్రా కంపెనీ వేసింది, రెండు ఎల్‌పీలు, 27 పాటలు. ఐడియా కంపెనీ స్థాపకుడు జాక్ హోల్జ్‌మన్‌ది, ఏరింది లెనీ కే. అప్పటికి ఆయన సంగీతం మీద రాసే కుర్రాడు, న్యూయార్క్‌లో పాత రికార్డుల షాపులో పనిచేసేవాడు, తర్వాత ప్యాటీ స్మిత్ గ్రూపులో గిటారిస్టుగా పేరొచ్చింది. ఆ పాటలు అప్పటికి ఐదారేళ్ళ పాతవే, అయినా జనం మర్చిపోయారు. ఆయన ప్రతి బ్యాండ్ నుంచి ఒక్క పాట, ఆ బ్యాండ్ జీవితంలో మూడు నిమిషాలు తీసుకుని, ఒకదాని పక్కన ఒకటి పెట్టి మొత్తాన్ని ఒకే ఉద్యమంలా వినిపించాడు. నిజానికి ఆ బ్యాండ్లు అమెరికా నలుమూలలా, ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళు, 1964లో బీటిల్స్‌ని టీవీలో చూసి ఎక్కడికక్కడ గిటార్లు కొనుక్కున్నవాళ్ళు. ఊళ్ళో రేడియో స్టేషన్ వేస్తే ఆ ఊళ్ళో హిట్టు, పక్క రాష్ట్రంలో పేరు కూడా తెలీదు. సైన్యంలోకి పిలుపొచ్చో, కాలేజీ మారో, పెళ్ళయ్యో రెండేళ్ళలో విడిపోయేవాళ్ళు. కాబట్టి కంపైలేషన్ ఇచ్చిన ఆ ఒక్క పాట బ్యాండ్‌కి అద్దమా కాదా అనేది ప్రతి బ్యాండ్‌కీ విడిగా తేల్చుకోవాల్సిందే.

అదే నగ్గెట్స్ నుంచి మూడు కేసులు చెప్తా, మూడూ మూడు రకాలు.

రిమైన్స్, బోస్టన్ బ్యాండ్. 1966లో బీటిల్స్ చివరి అమెరికా టూర్‌లో ముందు వాయించినవాళ్ళు. నగ్గెట్స్‌లో వాళ్ళ 'డోంట్ లుక్ బ్యాక్' ఉంటుంది. అది నచ్చితే కళ్ళు మూసుకుని ఎపిక్ కంపెనీ వేసిన వాళ్ళ 1966 ఆల్బమ్‌కి వెళ్ళిపోవచ్చు, ఎందుకంటే పాటలో ఉన్న బ్యాండే ఆల్బమ్‌లో ఉంది. ఇంకా కావాలంటే క్యాపిటల్ కంపెనీకి ఆడిషన్ ఇచ్చినప్పటి టేపుని సన్‌డేజ్డ్ వాళ్ళు తర్వాత బయటికి తెచ్చారు, స్టూడియోలో నిలబడి ఏకబిగిన వాయించేసారు, ఆల్బమ్ కంటే అదే బావుంటుందనే వాళ్ళలో నేనొకణ్ణి.

నికర్‌బాకర్స్, న్యూజెర్సీ. 'లైస్' పాట వింటే బీటిల్స్ కొత్త పాటేమో అనిపిస్తుంది, అప్పట్లో జనం అలాగే అనుకున్నారు. ఆ పాట నచ్చిందని ఆల్బమ్ కొంటే నిరాశే, మిగతా పాటల్లో ఎక్కువ భాగం వేరే ధోరణి. ఇక్కడ కంపైలేషన్ ఇచ్చిందే దాదాపు మొత్తం, ఆ ఒక్క పాటతో తృప్తి పడితే తప్పేం లేదు. ప్రతి బ్యాండ్ వెనకా ఒక పోయిన కళాఖండం ఉండాలని రూలేం లేదు. ఇది ఒప్పుకోవడం కొత్త కలెక్టర్లకి కష్టం, కానీ ఒప్పుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

ఎలెక్ట్రిక్ ప్రూన్స్, లాస్ ఏంజెలెస్. నగ్గెట్స్ మొదలయ్యేదే వాళ్ళ పాటతో. వాళ్ళదీ వాచ్‌బ్యాండ్ కథే, ఇంకాస్త ముదిరింది. 1968లో వచ్చిన 'మాస్ ఇన్ ఎఫ్ మైనర్' అనే ఆల్బమ్ డేవిడ్ ఆక్సెల్‌రాడ్ రాసి అరేంజ్ చేసింది, చర్చి ప్రార్థనని రాక్‌లో పెట్టాడు, దాన్ని పూర్తి చెయ్యడానికి బయటి వాద్యకారులు రావాల్సొచ్చింది. పేరు హక్కు ప్రొడ్యూసర్ డేవ్ హాసింజర్ చేతిలో ఉండటంతో, చివరి ఆల్బమ్ వచ్చేసరికి మొదటివాళ్ళు ఒక్కరూ లేరు. నగ్గెట్స్ పాట నచ్చితే వాళ్ళ మొదటి రెండు ఆల్బమ్స్ వినండి. మూడోది వేరే పనిగా వినండి.

అందుకే నేను ఏ కొత్త పేరు తగిలినా ముందు చూసేది బ్యాండ్ పేరు కాదు, పాట కింద చిన్న అక్షరాల్లో ఉండే రచయిత పేరు, ప్రొడ్యూసర్ పేరు, లేబుల్, ఊరు. ఈ నాలుగూ నాలుగు దారులు. మీ పాటనే తీసుకోండి. 'లెట్స్ టాక్ అబౌట్ గర్ల్స్' రాసింది మానీ ఫ్రైజర్. ఆయనెవరని చూస్తే అరిజోనాలోని టూసాన్‌లో గ్రోడ్స్ అనే బ్యాండ్ నడిపినాయన, ఈ పాటని వాళ్ళే ముందు టంగ్స్ ఆఫ్ ట్రూత్ అనే పేరుతో వేసారు. అంటే మీరు విన్నది కవర్. ఒరిజినల్ వినండి, మీ అభిప్రాయం ఏమవుతుందో చూడండి. ఒక్క పేరు చదివినందుకు ఇంకో ఊరు, ఇంకో బ్యాండ్ చేతికొచ్చాయి.

ఇంకో దారి చూపిస్తా, ఇది నాకు చాలా ఇష్టమైంది. వాచ్‌బ్యాండ్ రెండో ఆల్బమ్‌లో 'ఐ ఎయింట్ నో మిరకిల్ వర్కర్' ఉంది. రాసింది ఆనెట్ టక్కర్, నాన్సీ మాంట్జ్ అని ఇద్దరు ఆడవాళ్ళు. ఎలెక్ట్రిక్ ప్రూన్స్ 'ఐ హ్యాడ్ టూ మచ్ టు డ్రీమ్' రాసింది కూడా వాళ్ళే. 'మిరకిల్ వర్కర్'ని వాచ్‌బ్యాండ్ కంటే ముందు 1965లో కాలిఫోర్నియాలోని మెర్సెడ్ కుర్రాళ్ళు బ్రోగ్స్ అనే పేరుతో పాడారు, ఆ బ్రోగ్స్‌లో ఇద్దరు, గ్యారీ డంకన్, గ్రెగ్ ఎల్మోర్, తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో క్విక్‌సిల్వర్ మెసెంజర్ సర్వీస్‌లో చేరారు. చూసారా, ఒక్క పాట రచయితల పేర్లు పట్టుకుంటే గ్యారేజ్ నుంచి సైకెడెలిక్ రాక్ దాకా తాడు దొరికింది. మగపిల్లల సంగీతం అని పేరుపడ్డ ఈ గ్యారేజ్ రాక్‌లో గట్టి పాటలు కొన్ని రాసింది ఇద్దరు ఆడవాళ్ళని చాలామందికి ఇప్పటికీ తెలీదు, తెలియాలి.

ఇంకా కంపైలేషన్లు కావాలంటే, ఒక్కోదానికి ఒక్కో స్వభావం ఉంటుంది, అది తెలుసుకుని కొనండి. 1998లో రైనో అనే కంపెనీ వాళ్ళు నగ్గెట్స్‌ని 4 సీడీల పెట్టెగా, 118 పాటలతో పెంచారు, కొత్తవాళ్ళకి ఇంతకంటే మంచి చోటు లేదు, లైసెన్స్ తీసుకుని మంచి టేపుల నుంచి చేసింది, నోట్స్ కూడా బావుంటాయి. డెబ్భైల చివర్లో గ్రెగ్ షా మొదలుపెట్టిన పెబుల్స్ సిరీస్ ఇంకా లోతుకి వెళ్తుంది, నగ్గెట్స్‌లో చార్టుకెక్కిన పాటలు చాలానే ఉన్నాయి, పెబుల్స్‌లో ఊరు దాటనివే ఎక్కువ. సౌండ్ మాత్రం గరగర, చాలావరకు పాత 45ల (సింగిల్ రికార్డుల) నుంచే ఎక్కించారు. 1983లో టిమ్ వారెన్ క్రిప్ట్ లేబుల్ మీద తెచ్చిన 'బ్యాక్ ఫ్రమ్ ద గ్రేవ్' ఇంకో దారి, మెత్తని పాటకి అందులో చోటు లేదు, అరుపులు, పగిలిన ఆంప్లిఫైయర్లు, కోపం. మీకు 'లెట్స్ టాక్ అబౌట్ గర్ల్స్'లో బెనెట్ గరుకుతనమే నచ్చి ఉంటే మీ దారి అదే, వాచ్‌బ్యాండ్ సింగిల్స్ కంటే కూడా అవే మీకు ఎక్కువ పట్టొచ్చు. ఇది మీరే తేల్చుకోవాలి: పాటలో మిమ్మల్ని పట్టింది గొంతా, గిటారా, రాసిన తీరా? జవాబుని బట్టి దారి మారుతుంది.

ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు రెండు జాగ్రత్తలు. బ్యాండ్ పేరు కొన్ని రికార్డుల మీద వాచ్‌బ్యాండ్ అని కలిపి, కొన్నిటి మీద వాచ్ బ్యాండ్ అని విడదీసి ఉంటుంది, రెండు రకాలుగానూ కొట్టి చూడండి, లేకపోతే సగం కనిపించవు. పైగా వాళ్ళ మొట్టమొదటి రికార్డు, 'బ్లూస్ థీమ్', హాగ్స్ అనే మారు పేరుతో వచ్చింది, వేసింది కార్టూన్లు తీసే హానా-బార్బెరా వాళ్ళ రికార్డు కంపెనీ. రెండోది, స్ట్రీమింగ్ యాప్‌లో పాట కింద చూపించే సంవత్సరం చాలాసార్లు రీఇష్యూది, ఒరిజినల్‌ది కాదు, అది చూసి ఇది ముందు అది తర్వాత అని లెక్కలు వేసుకోకండి. రికార్డుల వివరాలు దొరికే డిస్కాగ్స్, 45క్యాట్ వెబ్‌సైట్లలో ఆ సింగిల్ పేజీ తెరిచి, లేబుల్ ఫోటో కూడా చూస్తే తేదీ, ప్రొడ్యూసర్, రచయిత చాలావరకు కళ్ళ ముందే ఉంటాయి. ఇండియాకి తెప్పించుకునేవాళ్ళు ఒక్కొక్క సింగిల్ విడిగా ఆర్డర్ పెట్టకండి, పోస్టేజీ, కస్టమ్స్ కలిపి రికార్డు ధర కంటే ఎక్కువైపోతుంది, ఒకే అమ్మకందారు దగ్గర కొన్ని కలిపి తీసుకోండి, కాగితం కవర్‌లో కాకుండా అట్టల మధ్య పెట్టి పంపమని ముందే అడగండి.

ఒక్క మాట మన దేశం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ దారిలో వెళ్ళిన వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి చేరతారు. సిమ్లా అనే సిగరెట్ బ్రాండ్ పేరు మీద ఇంపీరియల్ టొబాకో వాళ్ళు దేశమంతటికీ ఒక బీట్ మ్యూజిక్ పోటీ పెట్టారు, అందులోని బ్యాండ్లతో 'సిమ్లా బీట్ 70', 'సిమ్లా బీట్ 71' అని రెండు కంపైలేషన్ ఎల్‌పీలు వచ్చాయి. షిల్లాంగ్ నుంచి ఫెంటోన్స్, కలకత్తా నుంచి గ్రేట్ బేర్ లాంటివాళ్ళు. అమెరికాలో 1966లో జరిగిందే ఇక్కడ 1970లో జరుగుతోంది, అదే ఫజ్ గిటార్, అదే కుర్రతనం. కానీ ఇక్కడ కంపైలేషన్ నుంచి ముందుకు దారి చాలా సన్నం, ఎందుకంటే వీళ్ళలో చాలామందికి సొంత ఆల్బమ్ వేసే అవకాశమే రాలేదు, ఆ రెండు ఎల్‌పీల్లో ఉన్నదే మిగిలింది. గ్రేట్ బేర్ వాళ్ళ 'మిస్ట్' వినండి, వాచ్‌బ్యాండ్ నచ్చినవాళ్ళకి అది కచ్చితంగా నచ్చుతుంది.

చివరగా, మీరు 'ఇన్నర్ మిస్టీక్' కొన్నది వినైలా సీడీయా రాయలేదు. సీడీ అయితే వెనక బోనస్ ట్రాకుల లిస్టు చూడండి, సింగిల్స్ గానీ, వాళ్ళు పాడిన 'మిల్క్ కౌ బ్లూస్' అనే పాట గానీ అందులోనే ఉండొచ్చు, అలా అయితే బిగ్ బీట్ సెట్ వెంటనే కొనక్కర్లేదు. ఆ లిస్టు ఇక్కడ రాస్తే ఏ ట్రాకులో ఆగ్విలార్ ఉన్నాడో, ఏది ఎడ్ కాబ్ మనుషులదో గుర్తు పెట్టి ఇస్తాను.